ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 6.5 వచ్చింది, రైటింగ్ మాత్రం 5.5 దగ్గరే ఆగింది. ఇప్పుడేం చేయాలి?

పల్నాడు ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు రాసిన పొడవైన ఉత్తరం ఇది. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు 24 ఏళ్లు. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్, బీటెక్ పేరుకు ఇంగ్లీష్ మీడియమే అయినా, "పాఠం తెలుగులో విన్నాం, పరీక్ష ఇంగ్లీష్‌లో రాశాం" అంటారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నారు. యూకేలోని ఒక యూనివర్సిటీ ఎంఎస్సీ డేటా అనలిటిక్స్‌కు ఈ సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో (అడ్మిషన్ల విడతలో) కండిషనల్ ఆఫర్ ఇచ్చింది. షరతు ఏమిటంటే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్షలో మొత్తం 6.5 రావాలి, ఏ విభాగంలోనూ 6.0కు తగ్గకూడదు. మొదటిసారి మొత్తం 6.0 వచ్చింది. జూన్ మొదటి వారంలో కంప్యూటర్ మీద రెండోసారి రాస్తే లిజనింగ్ 7.0, రీడింగ్ 6.5, స్పీకింగ్ 6.0, రైటింగ్ 5.5 వచ్చాయి. రెండుసార్లూ రైటింగ్‌లో అదే 5.5. షరతు పూర్తి చేయడానికి జులై నెలాఖరు గడువు.

ఇంట్లో మాత్రం "రిజల్ట్ ఇంకా రాలేదు" అని చెప్పారట. నాన్నగారు ఎకరం పొలం అమ్మకానికి పెట్టి, బయానా తీసుకునే మాటల్లో ఉన్నారు. ఈ ఏడాది వెళ్లకపోతే సంబంధాలు చూస్తామని అమ్మగారు అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న పెదనాన్న కొడుకు "నాకు డుయోలింగో ఆన్‌లైన్ ఇంగ్లీష్ పరీక్షతో నెలలో పనైపోయింది, నీకెందుకింత టెన్షన్" అన్నాడు. కన్సల్టెన్సీ వాళ్లు మూడు దారులు చూపించారు. లక్ష రూపాయలిస్తే డుయోలింగో పరీక్ష "మేమే చూసుకుంటాం" అన్నది ఒకటి. ఐఈఎల్‌టీఎస్ లేకుండా, చదువు ఇంగ్లీష్ మీడియంలోనే సాగిందని బీటెక్ కాలేజీ ఇచ్చే ఎంఓఐ లెటర్‌తో తీసుకునే వేరే యూనివర్సిటీకి మారమన్నది రెండోది. ఆస్ట్రేలియాకు అప్లై చేద్దామన్నది మూడోది.

"నాకు ఇంగ్లీష్ రాదని ఒప్పుకుని ఆగిపోవాలా? వాళ్లు చెప్పినట్టు చేయాలా? అసలు రైటింగ్‌లో నేను ఆరు తెచ్చుకోగలనా?" అని అడుగుతూ, తాను రాసిన ఒక ప్రాక్టీస్ వ్యాసాన్ని కూడా జతచేశారు.

సమాధానం:

ముందు మీ మార్కులు చూద్దాం. 7.0, 6.5, 6.0, 5.5. సగటు 6.25. ఐఈఎల్‌టీఎస్ లెక్కలో పావు దగ్గర ఆగితే పై అరకు జరుపుతారు కాబట్టి మొత్తం 6.5 అయింది. అంటే షరతులో మొదటి సగం మీరు పూర్తి చేసేశారు. మిగిలింది ఒక్క విభాగంలో అర బ్యాండు. దీన్ని "ఇంగ్లీష్ రాదు" అని ఎవరూ అనరు. మీరూ అనుకోవద్దు.

మీ కన్సల్టెన్సీ మీకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. డిగ్రీ స్థాయి, ఆపై చదువులకు వెళ్లేవాళ్ల నుంచి యూకే ప్రభుత్వం వీసా కోసం అడిగే ఇంగ్లీష్ స్థాయి బీ2. ఐఈఎల్‌టీఎస్‌లో దాన్ని ఒక్కో విభాగంలో 5.5గా లెక్కేస్తారు. మీకు వచ్చిన అతి తక్కువ మార్కే 5.5. పైగా ఇలాంటి కోర్సుల విషయంలో విద్యార్థి ఇంగ్లీష్‌ను తామే అంచనా వేసి, ఈ అభ్యర్థి బీ2 స్థాయిలో ఉందని ప్రభుత్వానికి హామీ ఇచ్చే వీలు అక్కడి యూనివర్సిటీలకు ఉంది. కాబట్టి మీకు అడ్డుపడింది వీసా నిబంధన కాదు. ఆ యూనివర్సిటీ తన కోర్సుకు తాను పెట్టుకున్న 6.0. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ప్రభుత్వ నిబంధనను అడ్మిషన్ ఆఫీసులో ఎవరూ కదిలించలేరు. తమ నిబంధన విషయంలో మాత్రం వాళ్లు ఇంకో రుజువు అడగొచ్చు, ముందస్తు కోర్సు ఇవ్వొచ్చు, వచ్చే ఇన్‌టేక్‌కు మార్చొచ్చు, కుదరదని కూడా అనొచ్చు. ఏదైనా మీరు అడిగాకే తెలుస్తుంది. మీ ఉత్తరంలో ఎక్కడా మీరు యూనివర్సిటీని నేరుగా అడిగినట్టు లేదు.

అడగకపోవడానికి కారణం నేను ఊహించగలను. అప్లికేషన్‌లో ఉన్న మెయిల్ ఐడీ కన్సల్టెన్సీ వాళ్లు తెరిచిందే అయి ఉంటుంది. మన దగ్గర ఇది మామూలైపోయింది. అమ్మాయి పేరుతో మెయిల్ ఉంటుంది, పాస్‌వర్డ్ అమీర్‌పేటలో ఎవరి దగ్గరో ఉంటుంది. ఆఫర్ లెటర్ వాళ్లకే వస్తుంది, అందులో మీకు చూపించాలనుకున్న పేజీ చూపిస్తారు. రేపే వెళ్లి ఆ మెయిల్, యూనివర్సిటీ పోర్టల్ రెండింటి పాస్‌వర్డ్‌లూ తీసుకుని మార్చుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర ఉంటే వెనక్కి తెచ్చుకోండి. గొడవ పడనక్కర్లేదు, బ్యాంకులో చూపించాలని చెబితే చాలు. చాలా కన్సల్టెన్సీలకు విద్యార్థి చేరాక యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది. అందులో తప్పేమీ లేదు, అది వాళ్ల వ్యాపారం. కానీ మీరు ఆగడం మంచిదా, వెళ్లడం మంచిదా అన్న ప్రశ్నకు వాళ్ల జవాబు ఎప్పుడూ వెళ్లమనే ఉంటుంది.

మీ అన్నయ్య మాట సంగతి. ఆయన అబద్ధం చెప్పలేదు, తన దేశం సంగతి చెప్పాడు. అమెరికా ఎఫ్-1 (స్టూడెంట్) వీసాకు ఫలానా పరీక్షలో ఫలానా స్కోరు ఉండాలన్న నిబంధన లేదు. ఏ పరీక్ష తీసుకోవాలన్నది యూనివర్సిటీ ఇష్టం. అక్కడ చాలా యూనివర్సిటీలు డుయోలింగో తీసుకుంటాయి. ఆ తర్వాత నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ దగ్గర మాట్లాడే రెండు మూడు నిమిషాలే అసలు స్పీకింగ్ పరీక్ష. ఆస్ట్రేలియాది దీనికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతి. అక్కడ ప్రభుత్వమే స్కోరు నిర్ణయిస్తుంది. 2024 మార్చి 23 నుంచి స్టూడెంట్ వీసాకు ఐఈఎల్‌టీఎస్ కనీస స్కోరు 5.5 నుంచి 6.0కు పెరిగింది. ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలేవీ వీసాకు చెల్లవు. కెనడా ఇంకో కథ. 6.0 స్కోరుతో ఫైలు తొందరగా కదిలే ఎస్‌డీఎస్ పద్ధతిని 2024 నవంబర్‌లో ఎత్తేశారు. టోఫెల్ అనే ఇంకో ఇంగ్లీష్ పరీక్ష అయితే 2026 జనవరి నుంచి స్కేలే మార్చేసి 1 నుంచి 6 వరకు బ్యాండ్లు ఇస్తోంది, 120కి ఇన్ని అని చెప్పే సీనియర్ల లెక్కలు పాతబడిపోయాయి. నిరుడు వెళ్లినవాళ్ల సలహా కూడా ఈ ఏడాదికి పనికొస్తుందో లేదో చూసుకోవాల్సిన పరిస్థితి ఇది.

ఇక ఆ లక్ష రూపాయల సంగతి. మిగతా అన్ని విషయాల్లో మీకు దారులు చూపించి, ఎంచుకోవడం మీకే వదిలేస్తాను. ఇందులో మాత్రం వద్దనే చెబుతున్నాను. కారణాలు కూడా వినండి. డుయోలింగో పరీక్ష ఆసాంతం కెమెరా రికార్డ్ చేస్తుంది. స్కోరుతో పాటు మీరు మాట్లాడిన వీడియో, మీరు రాసిన ఒక భాగం యూనివర్సిటీకి వెళతాయి. వేరే మనిషి కూర్చుంటే ఆ మనిషి ముఖమూ గొంతూ మీ ఫైల్లో ఉంటాయి. రేపు వీసా ఇంటర్వ్యూలో మీ గొంతు వినిపిస్తుంది. వీసా దరఖాస్తులో మోసం చేశారని తేలితే పదేళ్ల పాటు దరఖాస్తులు తిరస్కరించే నిబంధన యూకేలో ఉంది. 2014లో అక్కడ టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్షలో కొన్ని సెంటర్లలో ఒకరి బదులు ఒకరు రాస్తున్నారని బీబీసీ బయటపెట్టింది. తర్వాత వేలమంది విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి. అందులో నిజాయితీగా రాసినవాళ్లు కూడా ఇరుక్కుని, పేరు కడుక్కోవడానికి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2022లో కెనడా వైపు నుంచి పడవలో నది దాటుతూ అమెరికాలో పట్టుబడిన గుజరాత్ యువకులు కోర్టులో జడ్జి అడిగిన ప్రశ్నలకు ఇంగ్లీష్‌లో జవాబు చెప్పలేకపోయారు. చూస్తే వాళ్ల దగ్గర ఐఈఎల్‌టీఎస్‌లో మంచి బ్యాండ్లున్నాయి. మెహసానా పోలీసులు ఆ బ్యాండ్లు ఎలా వచ్చాయో తవ్వడం మొదలుపెట్టారు. అసలు ఇదంతా పక్కన పెట్టినా, మొత్తం 6.5 సొంతంగా తెచ్చుకున్న మనిషి వేరేవాళ్ల చేత పరీక్ష రాయించుకోవడమేమిటి? డుయోలింగో మీద మీకు నమ్మకం ఉంటే, మీ యూనివర్సిటీ దాన్ని తీసుకుంటుందని రాతపూర్వకంగా తెలిస్తే, మీరే కూర్చుని రాయండి. అది పూర్తిగా వేరే విషయం.

సరే, అసలు దారులకు వద్దాం.

గడువులు తరుముతున్నాయి కాబట్టి మొదట చూడాల్సింది వన్ స్కిల్ రీటేక్. కంప్యూటర్ మీద ఐఈఎల్‌టీఎస్ రాసినవాళ్లు నాలుగు విభాగాల్లో ఏదో ఒక్కటి మాత్రం మళ్లీ రాయొచ్చు. అసలు పరీక్ష రాసిన 60 రోజుల్లోపు రాయాలి, ఒక పరీక్షకు ఒక్కసారే అవకాశం. మీ పరీక్ష జూన్ మొదటి వారంలో అయింది, అంటే ఆగస్టు మొదటి రోజుల దాకా ఈ తలుపు తెరిచే ఉంటుంది. కానీ యూనివర్సిటీ గడువు జులై నెలాఖరు కాబట్టి మీకు నిజంగా ఉన్న టైము జులై మూడో వారం వరకే అనుకోండి. రైటింగ్‌లో 6.0 వస్తే కొత్త రిపోర్టులో మిగతా మూడూ పాతవే ఉంటాయి, పని పూర్తవుతుంది. తగ్గినా నష్టం లేదు, పాత రిపోర్టు అలాగే చెల్లుతుంది. మెలిక ఒక్కటే, అన్ని యూనివర్సిటీలూ దీన్ని ఒప్పుకోవు. డబ్బు కట్టే ముందు మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి.

రీచెకింగ్ రెండోది. పరీక్ష రాసిన ఆరు వారాల్లోపు ఎంక్వైరీ ఆన్ రిజల్ట్స్‌కు దరఖాస్తు చేస్తే మీ జవాబులను సీనియర్ ఎగ్జామినర్ మళ్లీ దిద్దుతారు. మార్కు మారితే కట్టిన ఫీజు వెనక్కిస్తారు. లిజనింగ్, రీడింగ్‌లో దీనివల్ల దాదాపు మారేదేమీ ఉండదు. మనుషులు దిద్దే రైటింగ్, స్పీకింగ్‌లో అప్పుడప్పుడు మారుతుంది. కానీ మీకు రెండుసార్లూ 5.5 వచ్చింది, కాబట్టి దీనిమీద పెద్ద ఆశ పెట్టుకోమని చెప్పలేను. మూడు వారాల దాకా పట్టొచ్చు కూడా. రీచెకింగ్ నడుస్తుండగా రీటేక్ బుక్ చేసుకోవచ్చో లేదో సెంటర్‌లో ముందే అడగండి. రెండింటిలో ఒక్కటే కుదిరితే నేనైతే రీటేక్‌కే ఓటేస్తాను.

పీటీఈ అనే వేరే ఇంగ్లీష్ పరీక్షకు మారడం మూడోది. దీన్ని ఎక్కువ భాగం కంప్యూటరే దిద్దుతుంది, ఫలితం సాధారణంగా రెండు రోజుల్లో వస్తుంది, స్కోరు 10 నుంచి 90. మీ స్నేహితురాలికి పీటీఈలో తేలిగ్గా వచ్చిందని రాశారు. కొందరికి నిజంగానే నప్పుతుంది. కానీ అందులో విన్న వాక్యం వెంటనే తిరిగి చెప్పడం, చదివిన పేరాను ఒక్క వాక్యంలో కుదించడం లాంటివి ఉంటాయి. పక్క సీట్లలో అందరూ ఒకేసారి మైకులో మాట్లాడుతుంటే తడబడేవాళ్లూ ఉన్నారు. పద్ధతి కొత్తది కాబట్టి అలవాటుకు రెండు మూడు వారాలు పడుతుంది. మీకు తక్కువ పడింది ఒక్క రైటింగే. దానికోసం నాలుగు విభాగాలూ కొత్త పద్ధతిలో మొదటి నుంచి నేర్చుకోవడం లాభసాటి బేరమా అన్నది ఆలోచించండి. యూనివర్సిటీ రీటేక్ ఒప్పుకోనంటే మాత్రం ఇది గట్టి ప్రత్యామ్నాయం.

ప్రీ సెషనల్ కోర్సు ఇంకొకటి. అర బ్యాండు తగ్గినవాళ్ల కోసం చాలా యూకే యూనివర్సిటీలు అసలు కోర్సుకు ముందు ఆరు వారాలో, పది వారాలో ఇంగ్లీష్ నేర్పి, అందులో పాసైతే నేరుగా ఎంఎస్సీలోకి తీసుకుంటాయి. మళ్లీ ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు. రిపోర్టులు, సెమినార్లు, రెఫరెన్సులు ఎలా రాయాలో ముందే అలవాటవుతుంది కాబట్టి చదువుపరంగా ఇదే మంచి దారి అని నా అభిప్రాయం. జేబుపరంగా కాదు. ఫీజు, అక్కడి అద్దె, తిండి కలిపితే లక్షల్లో తేలుతుంది. బ్యాంకు మంజూరు చేసిన లోనులో ఇది ఉండదు. అక్కడికి వెళ్లి చదివే ప్రీ సెషనల్‌కు వీసా కోసం చాలాచోట్ల మామూలు ఐఈఎల్‌టీఎస్ సరిపోదు, "ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ" అనే రకం రాసి ఉండాలి. పరీక్ష అదే, ఆమోదం పొందిన సెంటర్ తేడా. మీరు ఏది రాశారో రిపోర్టులో చూసుకోండి. కొన్ని యూనివర్సిటీలు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చదివే ప్రీ సెషనల్ పెడుతున్నాయి. అది దొరికితే ఖర్చు బాగా తగ్గుతుంది. ఇవి వేసవిలోనే మొదలైపోతాయి, సీటు ఉందో లేదో వెంటనే అడగాలి.

మీ ఇంటర్ మార్కుల మెమో కూడా ఒకసారి బయటికి తీయండి. పన్నెండో తరగతి ఇంగ్లీష్ మార్కులను చూసి పరీక్ష మినహాయించే యూకే యూనివర్సిటీలు ఉన్నాయి. కొన్ని సీబీఎస్‌ఈ, ఐఎస్‌సీ వాళ్లకే ఇస్తాయి. కొన్ని రాష్ట్ర బోర్డుల మార్కులూ తీసుకుంటాయి కానీ శాతం ఎక్కువ అడుగుతాయి. మన ఇంటర్ బోర్డులో ఇంగ్లీష్‌లో తొంభై దాటినవాళ్లు వీధికొకరుంటారు. మీకెంత వచ్చాయో రాయలేదు.

ఎంఓఐతో తీసుకునే యూనివర్సిటీ సంగతి. ఇది అక్రమమేమీ కాదు. ఇందాక చెప్పినట్టు డిగ్రీ కోర్సులకు యూనివర్సిటీ తానే అంచనా వేసుకోవచ్చు, అందులో భాగంగా మీ బీటెక్ కాలేజీ లెటర్‌ను నమ్మొచ్చు. చూడాల్సింది, ఆ ఒక్క సౌకర్యం కోసం మీరు ఏం వదులుకుంటున్నారన్నది. కోర్సులో ఏ సబ్జెక్టులున్నాయి, ఫీజు ఎంత, ఊళ్లో అద్దెలెలా ఉన్నాయి, కిందటేడాది చదివిన మనవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఇవి కనుక్కోండి. కన్సల్టెన్సీ ఇచ్చే నంబర్లకు కాకుండా లింక్డ్‌ఇన్‌లో మీరే వెతికి ఇద్దరు ముగ్గురిని పలకరించండి. బాగుంటే మారండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మొదటి యూనివర్సిటీకి డిపాజిట్ కట్టి ఉంటే, ఇంగ్లీష్ షరతు పూర్తికానప్పుడు అది వెనక్కి వస్తుందో రాదో ముందు చదవండి. కొన్నిచోట్ల వీసా తిరస్కరిస్తేనే ఇస్తారు.

ఆస్ట్రేలియా ఇప్పుడు వద్దనిపిస్తోంది. మీ 6.5తో అక్కడి వీసా అడ్డంకి దాటుతుంది, నిజమే. కానీ ఆ దేశంలో కూడా చాలా మాస్టర్స్ కోర్సులు 6.5, ఏ విభాగంలోనూ 6.0కు తగ్గకుండా అనే అడుగుతాయి. తిరిగి తిరిగి అదే రైటింగ్ దగ్గరికి వస్తారు. 2025 జులై నుంచి వీసా ఫీజే 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, వీసా రాకపోయినా వెనక్కి రాదు. చదువు ఖర్చు, జీవన వ్యయం అన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కేయాలి.

చివరిది, మీరు ఉత్తరంలో అసలు ప్రస్తావించనిది, ఆగడం. జనవరి ఇన్‌టేక్ ఉందేమో చూడండి, లేకపోతే వచ్చే సెప్టెంబర్. మీ ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. ఉద్యోగం చేతిలో ఉంది. "ఇప్పుడు వెళ్లకపోతే చదువయ్యాక పని చేసుకునే గడువు తగ్గిపోతుంది" అని ఎవరైనా తొందరపెడితే, ఆ లెక్క ఇది. 2027 జనవరి 1 నుంచి యూకేలో చదువయ్యాక పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసాకు దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకు రెండేళ్ల బదులు 18 నెలలే ఇస్తారు. మీరు ఈ సెప్టెంబర్‌లో చేరినా, జనవరిలో చేరినా, చదువు పూర్తిచేసి దరఖాస్తు పెట్టేసరికి ఆ తేదీ దాటిపోతుంది. కాబట్టి ఈ ఒక్క కారణంతో పరుగెత్తనక్కర్లేదు. ఆగితే వచ్చే నష్టాలు వేరే ఉన్నాయి. బ్యాంకు మంజూరు గడువు తీరిపోవచ్చు, ఫీజు పెరగొచ్చు, పౌండు పెరగొచ్చు. ఇంట్లో ఒత్తిడి తప్పకుండా పెరుగుతుంది.

ఇక రైటింగ్. మీ మూడో ప్రశ్నకు జవాబు మీరు పంపిన వ్యాసంలోనే ఉంది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ప్రశ్న ఏమిటి? యువత పల్లెలు వదిలి నగరాలకు వెళ్లిపోవడానికి కారణాలేమిటి, పరిష్కారాలేమిటి. మీ వ్యాసం "ఇన్ దిస్ మోడర్న్ ఎరా" అని మొదలై, రెండో పేరాలో "దేర్ ఆర్ మెనీ అడ్వాంటేజెస్ అండ్ డిసడ్వాంటేజెస్" అంటుంది. లాభనష్టాలు వాళ్లు అడగనేలేదు! ఇది మీ ఇంగ్లీష్ లోపం కాదు. కోచింగ్‌లో ఇచ్చిన టెంప్లేట్ మీ చేత రాయించింది. నాలుగు కొలతల మీద సమానంగా మార్కులేస్తారు. అడిగినదానికి జవాబిచ్చారా, ఆలోచన ఒక వరసలో నడిచిందా, పదాలు, వ్యాకరణం. టెంప్లేట్ మొదటి కొలతలోనే మిమ్మల్ని కిందకు లాగుతుంది. కంఠస్థం చేసిన వాక్యాలను ఎగ్జామినర్లు ఇట్టే పట్టేస్తారు, వాటికి మార్కులివ్వరు.

ఆశ్చర్యం ఏమిటంటే, మీరే పల్లె వదిలి హైదరాబాద్ వచ్చిన మనిషి. ఎందుకు వచ్చారో మీకు తెలుసు. ఊళ్లో మీ చదువుకు తగిన ఉద్యోగం లేదు, సాగులో మిగులు లేదు, హాస్టల్ అలవాటయ్యాక వెనక్కి వెళ్లాలనిపించలేదు. ఈ మూడు కారణాలూ వ్యాసంలో ఎక్కడా లేవు. బదులుగా "గ్లోబలైజేషన్" అనే మాట నాలుగుసార్లు ఉంది. పరీక్షలో మొదటి ఐదు నిమిషాలు రాయకండి. అడిగిందేమిటో చూసి, రెండు కారణాలు, రెండు పరిష్కారాలు తెలుగులోనే అనుకోండి, తర్వాత చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాల్లో పెట్టండి. పెద్ద పదం వాడితే పెద్ద మార్కు వస్తుందన్నది కోచింగ్ సెంటర్ల మూఢనమ్మకం.

వ్యాకరణంలో మీవి రెండే జబ్బులు, అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. "ఎ", "ద" ఎగిరిపోవడం, ఏకవచనం కర్త పక్కన క్రియకు "ఎస్" పడకపోవడం. తెలుగులో మొదటిది లేదు, రెండోది వేరే పద్ధతిలో నడుస్తుంది కాబట్టి తెలుగు మీడియంలో చదివినవాళ్లకే కాదు, కాన్వెంటు పిల్లలకూ ఇవి జారిపోతాయి. చివరి ఐదు నిమిషాలు ఈ రెండింటి కోసమే వ్యాసాన్ని మళ్లీ చదవండి, మిగతాది ముట్టుకోకండి. గంటలో రాసే రెండు టాస్కుల్లో రెండోదానికి, అంటే వ్యాసానికి, రెట్టింపు విలువ, అందులో 250 పదాలు. మొదటి టాస్క్ 150 పదాలే. మీరు మొదటిదానికి అరగంట తీసుకున్నానని రాశారు. ఇరవై నిమిషాలకు ఆపేయండి. కంప్యూటర్ పరీక్షలో పదాల సంఖ్య తెర మీద కనిపిస్తుంది, లెక్కపెట్టుకునే పని లేదు.

రోజుకో కొత్త వ్యాసం రాయడం కన్నా, ఒకే వ్యాసాన్ని దిద్దించుకుని మళ్లీ రాయడం మేలు. ముప్ఫైమంది బ్యాచ్‌లో మీ కాగితం ఎవరూ చదవరు. మీ డిగ్రీ కాలేజీ ఇంగ్లీష్ లెక్చరర్ ఎవరైనా, ఆఫీసులో క్లయింట్‌కు మెయిళ్లు రాసే సీనియర్ ఎవరైనా వారానికి మూడు కాగితాలు దిద్దిపెడతారేమో అడగండి. ఇంత చూశాక చెబుతున్నాను, మీ వ్యాసం ఆరుకు దగ్గర్లోనే ఉంది. నెల రోజుల్లో తప్పకుండా వస్తుందని మాటివ్వలేను, వచ్చే అవకాశం మాత్రం బాగానే ఉంది.

ఆ 6.0ను వాళ్లు ఊరికే పెట్టలేదన్నది కూడా గుర్తుంచుకోండి. ఎంఎస్సీ చివర్లో చాలాచోట్ల పది వేల పదాలు దాటే డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) ఉంటుంది. ఇంకొకరి వాక్యాలు ఎత్తిరాస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. ఏ దారిలో వెళ్లినా అక్కడ చేరాక కోర్సు నడుస్తుండగానే యూనివర్సిటీ ఉచితంగా నడిపే ఇన్ సెషనల్ ఇంగ్లీష్ క్లాసులకు మొదటి వారంలోనే పేరివ్వండి. మొహమాటపడి వదిలేసేవాళ్లే ఎక్కువ.

నాన్నగారికి ఈ వారమే చెప్పాలి. నైతికంగా సరైనదని కాదు నేను చెప్పేది, అది మీకూ తెలుసు. బయానా గురించి చెబుతున్నాను. ఒకసారి డబ్బు చేతిలో పడి అగ్రిమెంటు రాశాక వెనక్కి తగ్గితే ఊళ్లో గొడవ, డబ్బు నష్టం. మీకు అన్‌కండిషనల్ ఆఫర్ రాకుండా ఆయన పొలం బేరం ఖాయం చేసుకోవడం ఎవరికీ మంచిది కాదు. "ఫెయిలయ్యాను" అని మొదలుపెట్టకండి, అది నిజం కూడా కాదు. "మొత్తం 6.5 వచ్చింది నాన్నా, ఒక్క పేపర్లో అర మార్కు తగ్గింది. అదొక్కటే మళ్లీ రాస్తాను. జులై ఆఖరుకు తేలుతుంది, అప్పటిదాకా బయానా తీసుకోవద్దు" అనండి. పది రోజులుగా దాచానని కూడా అప్పుడే చెప్పేయండి, వేరేవాళ్ల నోట వింటే ఎక్కువ నొచ్చుకుంటారు. కోప్పడొచ్చు. పొలం అమ్మడానికి సిద్ధపడ్డ మనిషి ఒక పరీక్ష ఫీజు దగ్గర ఆగిపోతారని నేననుకోను.

అమ్మగారి మాట వేరు. సంబంధాలు చూడటానికీ మీ రైటింగ్ మార్కుకూ ముడి పెట్టింది భయంతో. ఒకవేళ జనవరికి వాయిదా పడితే, ఆ ఆరు నెలలు సంబంధాల ప్రసక్తి వద్దని ఇప్పుడే అడగండి. ఆమె ఒప్పుకోవచ్చు, లేదా సంబంధాలు చూస్తాం కానీ చదువుకు అడ్డు చెప్పనివాళ్లనే చూస్తాం అనొచ్చు. రెండోదానికి మీరు ఒప్పుకుంటారా లేదా అన్నది మీ ఇష్టం, నేను చెప్పలేను. కానీ పెళ్లి తప్పించుకోవడానికే ఏదో ఒక యూనివర్సిటీలో చేరిపోవడం మాత్రం ఖరీదైన పని. లోను వాయిదాలు మీ పేరు మీదే వస్తాయి.

యూనివర్సిటీకి పంపాల్సిన మెయిల్ పొడవుగా అక్కర్లేదు. మీ అప్లికేషన్ నంబర్, రెండో పరీక్షలో నాలుగు విభాగాల మార్కులు రాసి నాలుగు ప్రశ్నలు అడగండి. వన్ స్కిల్ రీటేక్ రిపోర్టు తీసుకుంటారా, రైటింగ్‌లో అర బ్యాండు తగ్గినవాళ్లకు ప్రీ సెషనల్ ఉందా, ఉంటే ఆన్‌లైన్‌లోనా, ఇంటర్ ఇంగ్లీష్ మార్కులు పరిగణిస్తారా, గడువు దాటితే జనవరికి ఆఫర్ మార్చి డిపాజిట్ కూడా బదిలీ చేస్తారా. ఆఫర్ లెటర్‌లో ఉన్న అడ్మిషన్స్ అడ్రస్‌కే పంపండి. మూడు పని దినాల్లో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. వేసవిలో మన మధ్యాహ్నం ఒకటిన్నరకు అక్కడ తొమ్మిది, ఆఫీసులు తెరిచే వేళ. మీరు ఫోన్‌లో మాట్లాడటానికి భయపడుతున్నానని రాశారు. మీ స్పీకింగ్ స్కోరు 6.0, ఆ నాలుగు ప్రశ్నలు అడగడానికి అది చాలు.